జేజికి జేజి ఎవరు? కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పాతకాలపు ఆడమనిషి జాడ తీసే పద్ధతి

ఈ జిల్లాల్లో జేజి అంటే నాయనమ్మ, జేజినాయన అంటే తాత. మగవాళ్ళ వంశం పైకి ఎక్కడం అంత కష్టం కాదు. ఇంటిపేరు మారదు, ఊరు చాలావరకు మారదు, పట్టా తండ్రి పేరు మీంచి కొడుకు పేరు మీదికి పోతుంది. ఆడమనిషి విషయంలో ఇవన్నీ తెగిపోతాయి. పెళ్ళితో ఇంటిపేరు పోతుంది, ఊరు పోతుంది, అత్తగారింట్లో పిలిచే పేరు కూడా ఒక్కోసారి వేరే అవుతుంది. అందుకే 1850లో పుట్టిన అవ్వ పేరు పట్టుకొని నేరుగా రికార్డుల్లో వెతికితే వారాలు గడిచిపోతాయి తప్ప ఏమీ తేలదు. ముందు వెతకాల్సింది ఆమె పేరు కాదు, ఆమె పుట్టిల్లు. పుట్టింటివాళ్ళ ఇంటిపేరు, వాళ్ళ ఊరు, అన్నదమ్ముల పేర్లు తెలిశాయంటే ఆమె పేరు ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. పని మొత్తం ఈ వరసలోనే సాగాలి.

కాలం లెక్క ముందు వేసుకోండి. తల్లి, తల్లికి తల్లి అని వెనక్కి పోయేటప్పుడు తరానికి 22 ఏళ్ళు పట్టుకోండి. తండ్రి వైపు పోయేటప్పుడు 28 దాకా వేసుకోవచ్చు. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి ఆడపిల్ల పెళ్ళి వయసు 14 అని పెట్టేదాకా పది, పన్నెండేళ్ళకే పెళ్ళిళ్ళు అయ్యేవి, పదహారు, పదిహేడేళ్ళకు తొలి కాన్పు. మీ ముత్తవ్వ తొలి చూలు బిడ్డో ఆరో బిడ్డో తెలియదు గనక సగటున 22. ఈ లెక్కన 1960లో పుట్టిన మనిషి తల్లి వైపు అయిదు మెట్లు ఎక్కితే 1850 దగ్గరికి వస్తాడు. తండ్రి వైపు నాలుగు మెట్లకే అక్కడికి చేరతాడు. ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1850, 60ల్లో పుట్టిన ఆడవాళ్ళలో చాలామంది 1900 దాటి బతికారు. పంతొమ్మిదో శతాబ్దపు మనిషి గురించిన మంచి కాగితం ఇరవయ్యో శతాబ్దంలో ఉండొచ్చు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇంట్లో అడగాల్సినవి

ఒక్కో మనిషికి ఒక ఏ4 కాగితం కేటాయించండి. పెట్టిన పేరు, పిలిచే పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టినూరు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మొగుడు, బిడ్డలు, పోయిన తిథి, ఇలవేల్పు అని గళ్ళు గీయండి. ప్రతి గడి పక్కనా ఆ మాట ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాయండి. అది రాయకుండా వదిలేస్తే ఏడాది తర్వాత రెండు మాటలు పొసగనప్పుడు ఏది నమ్మాలో తెలియదు.

అడిగే తీరు ముఖ్యం. "మీ జేజి పేరేంది?" అని అడిగితే "జేజి అనే అంటాంటిమి, పేరేం తెల్సు" అనే జవాబే ఎక్కువ. అదే మాటను తిప్పి అడగండి. "మీ జేజినాయనకు అత్తగారిల్లు యాడ?" "మీ నాయన చిన్నప్పుడు మేనమామ ఇంటికి పోతాంటే ఏ ఊరికి పోతాన్న్యాడు?" "మీ జేజికి సారె ఏ ఊరినుంచి వస్తాన్న్యది?" మనుషుల పేర్లు మరిచిపోయినవాళ్ళకు కూడా రాకపోకలు గుర్తుంటాయి. పెళ్ళిలో మేనమామ చేయాల్సిన పనులు, సారెలు, తిరునాళ్ళకు పిలుపులు రెండు మూడు తరాల పాటు నడుస్తాయి కాబట్టి ఊరి పేరు నోట్లో నిలిచిపోతుంది.

సొంత ఇంట్లోవాళ్ళకంటే ఆమె పుట్టింటి వైపు వారసులకు ఎక్కువ తెలిసి ఉంటుంది. బయటికిచ్చిన ఆడపడుచు కథ పుట్టింట్లో చెప్పుకుంటారు. కోడలి పుట్టింటి కథ అత్తగారింట్లో ఎవరూ చెప్పుకోరు. కాబట్టి ఊరు తెలియగానే అక్కడికి పోయి, ఆ ఇంటిపేరు గల ఇళ్ళలో "మా ఊరికి ఇచ్చిన మీ ఆడపడుచు" అని అడగండి. ఇద్దరు ముసలివాళ్ళను ఒకేసారి కూర్చోబెట్టొద్దు. ఒకరి మాట వింటే రెండోవారు దానికే తలూపుతారు. విడివిడిగా అడిగి, ఫోనులో రికార్డు చేసి, అదే రోజు రాసుకోండి.

ఇంట్లో ఉండే కాగితాల్లో పెళ్ళి చదివింపుల పుస్తకాన్ని వదలొద్దు. 1930, 40ల నాటివి అటక మీద ఇంకా దొరుకుతాయి. చదివించినవారి పేరు, ఊరు, ఇచ్చిన రూపాయలు ఉంటాయి. దగ్గరి బంధువులు తప్ప పెద్ద మొత్తం ఎవరూ చదివించరు. ఎక్కువ చదివించిన పొరుగూరివాళ్ళ జాబితా వేస్తే పుట్టిళ్ళ పటం తయారవుతుంది. పాత ఉత్తరాలుంటే పైన పిలుపు చూడండి. "చి.ల.సౌ." అని ఉంటే ఆ నాటికి ఆమె భర్త బతికే ఉన్నాడు. "గంగాభాగీరథీ సమానురాలైన" అని ఉంటే అప్పటికి పోయాడు. తేదీ ఉన్న ఉత్తరంలో ఈ ఒక్క మాటతో ఆమె భర్త చావుకు ముందు వెనుకల హద్దు దొరుకుతుంది. ఇత్తడి బిందెలు, గంగాళాల మీద చుక్కలతో చెక్కిన పేర్లు కూడా చూడండి, సారె సామాను మీద ఆమె పేరో ఇచ్చినవారి పేరో ఉండొచ్చు.

తద్దినాలు పెట్టే ఇళ్ళలో అన్నింటికంటే మేలైన ఆధారం పురోహితుడి నోట్లో ఉంటుంది. పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి అని మగవాళ్ళ పేర్లే వస్తాయి. మహాలయ పక్షంలో మాత్రం తల్లి, తండ్రి తల్లి, తాత తల్లి పేర్లు వస్తాయి, తర్వాత తల్లి వైపు తాతలు మూడు తరాలు, వాళ్ళ భార్యలు మూడు తరాలు. అంటే ఒక్క సంకల్పంలో ఆరుగురు ఆడవాళ్ళ పేర్లు. ఇప్పుడు 80 ఏళ్ళున్న పెద్దాయన తర్పణం వదిలే పేర్లు రాసుకుంటే 1850ల దాకా పోవచ్చు. దీనికి ఒక పరిమితి ఉంది: ఆ పేర్లన్నీ అత్తింటి గోత్రంతోనే చెబుతారు, కాబట్టి ఆమె పుట్టిల్లు తెలియదు. తద్దినం లేని ఇళ్ళలో పెద్దలకు పెట్టుకునే రోజున చీర ఎవరి పేరున పెడతారో అడగండి. ముత్తైదువగా పోయినామెకు ఆ ఇంట్లో పేరంటాలుగా పూజ జరుగుతుంటే ఆమె పేరు, పోయిన తీరు రెండూ నిలబడి ఉంటాయి.

రెడ్ల వంటి కులాలకు గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే పిచ్చుకుంట్ల వారు, అంటే ఇప్పుడు వంశరాజులని పిలుస్తున్నవారు, ఎప్పుడైనా ఊరికి వస్తే తప్పక కూర్చోబెట్టి వినండి. వాళ్ళు చెప్పేది ఎక్కువగా మగవాళ్ళ వరసే అయినా, ఒక ఇంటిపేరు వాళ్ళు ఏ ఊరి నుంచి ఏ ఊరికి చీలిపోయారో తెలుస్తుంది. పుట్టింటివాళ్ళ ఊరు మారినప్పుడు ఈ ముక్క పనికొస్తుంది.

పేరులో దాగినవి

మనుమరాలికి నాయనమ్మ పేరు పెట్టడం ఆనవాయితీ. కానీ కోడలు అత్త పేరు నోటితో పలకదు. అందుకని ఆ పిల్లను అమ్మణ్ణి, పాప, చిన్నక్క అని పిలిచారు, ఆ పిలుపే జీవితమంతా నిలిచిపోయింది. మీ ఇంట్లో "అమ్మణ్ణవ్వ" ఉంటే, ఆమె అసలు పేరు ఆమె నాయనమ్మ పేరే అయ్యే అవకాశం ఉంది. మాధ్వుల్లో, మరాఠీ కుటుంబాల్లో పెళ్ళిలో కోడలికి కొత్త పేరు పెట్టే ఆచారం ఉంది, కాబట్టి పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ రాసుకోవాలి.

పేరు ఇలవేల్పును కూడా చెబుతుంది. ఓబుళమ్మ అంటే అహోబిలం, మద్దిలేటమ్మ అంటే మద్దిలేటి స్వామి, కదిరమ్మ అంటే కదిరి నరసింహుడు, కుళ్ళాయమ్మ అంటే గూగూడు కుళ్ళాయప్ప. హిందువుల ఇళ్ళలో మస్తానమ్మ, దస్తగిరమ్మ, హుస్సేనమ్మ ఉన్నారంటే దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డ అని అర్థం. ఆ పేరు చూసి మతం తేల్చేయకండి. పేరు ఒక్కటే రుజువు కాదు గానీ, ఇద్దరు నరసమ్మల్లో ఎవరు మీ మనిషో తేల్చేటప్పుడు తోడు సాక్ష్యంగా నిలుస్తుంది. రాతలో ఓబుళమ్మ, ఓబులమ్మ, ఓబళమ్మ, వోబులమ్మ, ఓబులక్క అన్నీ ఒకే మనిషి కావచ్చు. పేర్ల సూచికలో ఓ, వో రెండు అక్షరాల కిందా వెతకండి. ఎల్లమ్మను యల్లమ్మగా, ఎర్రమ్మను యర్రమ్మగా రాయడం కూడా మామూలే.

తేదీలు సరిచూసుకోవడం

పాత కాగితాల్లో మూడు రకాల కాలం ఉంటుంది. ఫసలీకి, అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలిపితే ఆ ఏడాది జూలైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1286 అంటే 1876-77. శాలివాహన శకానికి 78 కలపాలి: 1798 అంటే 1876. తెలుగు సంవత్సరం పేరు 60 ఏళ్ళకొకసారి తిరుగుతుంది: ధాత 1876లో వచ్చింది, మళ్ళీ 1936లో వచ్చింది. దస్తావేజులో శకం అంకె, సంవత్సరం పేరు ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే నకలు రాసినవాళ్ళు అంకె తప్పు రాశారని అనుకుని సంవత్సరం పేరునే నమ్మండి. అంకె పొరబడినంత సులువుగా పేరు పొరబడదు.

ఇంట్లో చెప్పే ఆనవాళ్ళకు కూడా తేదీలున్నాయి. నందన కరువు 1832-33. ధాత కరువు 1876-78. మద్రాసు నుంచి రాయచూరు రైలు దారి పూర్తయింది 1871లో. పెద్ద ఇన్‌ఫ్లుయెంజా 1918లో. "ధాత కరువుకు మా అవ్వ సంకలో బిడ్డ" అంటే 1874-76 నడుమ పుట్టిందని పెన్సిలుతో రాసుకోండి. సిరా తర్వాత.

ఏ జిల్లా కాగితాలు

ఇక్కడ పొరబడేవాళ్ళు చాలామంది. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే లాభం లేదు. నిజాం 1800లో ఈ సీమను కంపెనీకి ఇచ్చాక, 1808లో బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. అంతకు ముందరి కలెక్టరు కాగితాలను బళ్ళారి పేరుతోనే వెతకాలి. కదిరి 1910 దాకా కడప జిల్లా. మదనపల్లె, వాయల్పాడు 1911లో కడప నుంచి చిత్తూరుకు పోయాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లా. కర్నూలు నవాబు పాలన 1839లో పోయింది, 1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది. అప్పుడే కోయిలకుంట్ల, కంభం వంటివి కడప నుంచి, పత్తికొండ బళ్ళారి నుంచి వచ్చి చేరాయి. బనగానపల్లె 1948 దాకా వేరే సంస్థానం. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970లో ప్రకాశం జిల్లాలోకి పోయాయి. మీ అవ్వ పుట్టినూరికి, మెట్టినూరికి వేరువేరుగా ఈ చరిత్ర రాసుకోండి. ఇరవై మైళ్ళ దూరపు పెళ్ళి కూడా జిల్లా దాటి ఉండొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ బోర్డు కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

జనాభా లెక్కల్లో పేర్లు దొరుకుతాయని ఆశపడకండి. 1871, 1881 లెక్కలు పుస్తకాలుగా ఉన్నాయి గానీ వాటిలో మనుషుల పేర్లు లేవు, అంకెలే.

రిజిస్ట్రారు ఆఫీసు

ఆడమనిషి పేరు రాతలో దొరికే అసలు చోటు ఇదే. ఎక్కువ రోజులు ఇక్కడే గడపాలి. 1865 నుంచి దస్తావేజుల రిజిస్ట్రేషను జరుగుతోంది. ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే. అంతకు ముందరివి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పుస్తకాల్లో చేత్తో వెతికించాలి. మీ ఊరు ఇప్పుడున్న ఆఫీసు ఈమధ్య ఏర్పడిందైతే, పాత తాలూకా కేంద్రపు ఆఫీసులో అడగాలి.

స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి. దానికి రెండు సూచికలు: ఇండెక్స్ 1 మనుషుల పేర్ల వారీగా, ఇండెక్స్ 2 ఊరు, ఆస్తి వారీగా. రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను కింద ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. మూడో పుస్తకంలో వీలునామాలు, దత్తతకు అధికారమిచ్చే పత్రాలు ఉంటాయి. రాసినవారు పోయాక వాటి నకలు ఎవరైనా అడగొచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో రాసినవారు ఎటూ లేరు గనక "ఇవ్వకూడదు" అంటే ఈ సెక్షను చూపించండి.

పేర్ల సూచికతో మొదలుపెట్టకండి. ఆడవాళ్ళ పేరు నాలుగు రకాలుగా రాసి ఉంటుంది. ఇండెక్స్ 2 తీసి, మెట్టినూరి పేజీలు 1865 నుంచి 1900 దాకా ఏడాది ఏడాదీ చదవండి. మొగుడు, మరుదులు, బావగార్లు, కొడుకుల పేర్లు కనబడ్డ ప్రతి దస్తావేజు నంబరు, వాల్యూము, పేజీ రాసుకోండి. తర్వాత పుట్టినూరికి ఇదే పని చేయండి. ఈ రెండు జాబితాల్లోంచి నాలుగైదు దస్తావేజులకు నకళ్ళు తీసుకుంటే చాలు.

ఏ కాగితంలో ఆడమనిషి వస్తుందో తెలిస్తే ఎంచుకోవడం సులువు. పసుపు కుంకుమ కింద భూమి ఇచ్చిన దానపత్రంలో తండ్రో అన్నో ఆడపడుచుకు రాసి ఇస్తాడు, కాబట్టి పుట్టిల్లు, మెట్టినిల్లు ఒకే కాగితంలో దొరుకుతాయి. ఇంతకంటే మంచిది లేదు. అన్నిటికంటే తరచుగా కనబడేది మాత్రం "మైనరు ఫలానాకు గార్డియను తల్లి ఫలానమ్మ" అనే మాట. మొగుడు చిన్న వయసులో పోయిన ఇంట్లో భాగపరిష్కారం గానీ అమ్మకం గానీ జరిగితే ఈ మాట తప్పదు. మనోవర్తి ఒప్పందాల్లో విధవరాలు ఒక వైపు, మరుదులు ఇంకో వైపు. ఇల్లరికపు ఒప్పందాల్లో మామ, కూతురు, అల్లుడు ముగ్గురూ ఉంటారు. ఈ జిల్లాల రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లరికపు అల్లుడికి కొడుకుతో సమానమైన హక్కును మద్రాసు కోర్టులు ఒప్పుకున్నాయి. మీ వంశంలో ఒక తరం దగ్గర ఇంటిపేరు అర్థంకాకుండా మారితే ఇల్లరికమేమో చూడండి.

విధవరాలు భూమి అమ్మిన దస్తావేజు దొరికితే ప్రతి అక్షరం చదవండి. 1956 హిందూ వారసత్వ చట్టం దాకా భర్త ఆస్తి మీద విధవరాలికి బతికినన్నాళ్ళ హక్కే ఉండేది. ఆమె తర్వాత భర్త వైపు దాయాదులకు పోవాలి. అందుకే కొనేవాడు జాగ్రత్తపడి, ఎందుకు అమ్ముతున్నదో, అప్పు ఎవరిదో, దాయాదులు ఎవరో, ఎట్లా దాయాదులో అంతా రాయించేవాడు. ఆ వివరం మీకు సగం వంశవృక్షం. దాయాదులు ఒప్పుకోక దావా వేసి ఉంటే జిల్లా కోర్టు తీర్పులో వంశవృక్షం పూర్తిగా ఉంటుంది. పై కోర్టుకు పోయిన వ్యాజ్యాలు 1876 నుంచి అచ్చయిన మద్రాసు లా రిపోర్టుల్లో ఉన్నాయి. వాటిలో కడప, బళ్ళారి, కర్నూలు పేర్లతో వెతకొచ్చు.

దస్తావేజు కింద సాక్షులను వదిలేసేవాళ్ళు ఎక్కువ. అదే పెద్ద తప్పు. చదువురాని ఆడమనిషి నిశానీ పెట్టేటప్పుడు పక్కన ఎవరుంటారు? అన్నో, తమ్ముడో, మేనమామో. మెట్టినూరి దస్తావేజులో పొరుగూరి ఇంటిపేరుతో ఒక సాక్షి ఉన్నాడంటే, పుట్టింటి కోసం ముందు ఆ ఇంటిపేరే వెతకాలి. అనంతపురం జిల్లాలో మైసూరు సరిహద్దు ఊళ్ళ కాగితాల్లో "బిన్" అంటే కొడుకు, "కోం" అంటే భార్య. మీ మనిషి పేరు తర్వాత "కోం" ఉంటే దాని తర్వాతి పేరు తండ్రిది కాదు, మొగుడిది.

ఇనాం రిజిస్టరు

మీ పూర్వీకులకు మాన్యం (అదే ఇనాం) గానీ, చెరువు మరమ్మతుకు ఇచ్చిన దశబంధం గానీ ఉంటే ఇనాం ఫెయిర్ రిజిస్టరు తప్పక చూడాలి. 1858లో పెట్టిన ఇనాం కమిషను ఊరూరా తిరిగి ఒక్కో ఇనాముకు మొదట పొందినవారెవరు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, వాళ్ళ వయసెంత, మొదటివారికి ఏమవుతారు అని గళ్ళలో రాసింది. 1860ల్లో వయసుతో సహా మనిషి పేరు దొరకడం అరుదు. మగ వారసులు లేని ఇనాముల్లో భార్య, కూతురు, కోడలు పేరు ఎక్కి ఉంటుంది. గుడి సేవకు ఇచ్చిన దేవదాసీ మాన్యాల్లో హక్కు తల్లి నుంచి కూతురికి పోయింది, కాబట్టి ఆ కుటుంబాల వారికి తల్లుల వరస రాతలో దొరికే చోటు ఇది. ఇది దాచాల్సిన కాగితం కాదు, గౌరవంగా చదవాల్సిన కాగితం.

తహసీల్దారు ఆఫీసులో నకలు అడిగేటప్పుడు ఊరి పేరు, సర్వే నంబరు, తెలిస్తే టైటిల్ డీడు నంబరు ఇవ్వండి. నోటిమాటకు స్పందన లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయికి రుసుము 5 రూపాయలు, పై ఆఫీసులకు 10, గ్రామ స్థాయికి ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా వంశ చరిత్ర ఇవ్వండి" అని రాస్తే తిరిగొస్తుంది. "ఫలానా గ్రామం ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఫలానా నంబరు పుట నకలు" అని రాయాలి. ఆ గ్రామానికి డైగ్లాట్ (రెండు భాషల్లో ఉన్న పాత భూమి రిజిస్టరు), ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) కూడా అదే దరఖాస్తులో అడగండి. 1984లో కరణాల వ్యవస్థ తీసేసినప్పుడు పాత లెక్కలు కొన్ని చెదిరిపోయాయి. ఆఫీసులో లేవంటే పాత కరణం ఇంట్లో ఒకసారి మర్యాదగా అడగడం మంచిది.

చావుల రిజిస్టరు, తిథి

1899 మద్రాసు చట్టం తర్వాతి జనన మరణ రిజిస్టర్లు పట్టణాలకు మునిసిపాలిటీలో, ఊళ్ళకు తహసీల్దారు ఆఫీసు రికార్డు గదిలో అడగాలి. 1860లో పుట్టినామె 1925లో పోయి ఉంటే ఆమె పేరు, వయసు, మొగుడి పేరు అక్కడ ఉండాలి. పుట్టుకల రిజిస్టరులో ఆమెను వెతక్కండి, ఆమె ఆఖరి బిడ్డలను వెతకండి. వయసును మాత్రం నమ్మొద్దు. 60, 65, 70 అని ఉజ్జాయింపుగా వేసేవాళ్ళు. పదేళ్ళు అటూ ఇటూ అనుకోండి.

అదే ఊళ్ళో అదే పేరుతో ఇద్దరు పోయి ఉంటే తేల్చేది తిథి. తద్దినం పెట్టే ఇంట్లో ఏడాది మరిచినా నెల, పక్షం, తిథి మరవరు. మాఘ బహుళ చవితి అంటే ఫిబ్రవరిలో గానీ మార్చి మొదట్లో గానీ రావాలి. రిజిస్టరులో ఉన్న ఇంగ్లీషు తేదీకి ఆ ఏటి పంచాంగంలో తిథి చూడండి. ఒక రోజు తేడా పర్వాలేదు, ఎందుకంటే రాత్రి పోతే మునసబు మర్నాటి తేదీ వేసి ఉండొచ్చు. పది రోజుల తేడా ఉంటే ఆమె మీ మనిషి కాదు.

చర్చి, ఖాజీ

క్రైస్తవ కుటుంబాలకు పని కొంత తేలిక. లండన్ మిషన్ కడపలో 1822 నుంచి పనిచేసింది. జమ్మలమడుగు, గుత్తి, అనంతపురం కూడా దాని కేంద్రాలే. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు ఎస్‌పీజీ (ఆంగ్లికన్) మిషన్. కర్నూలు, కంభం వైపు అమెరికన్ బాప్టిస్టులు. బాప్తిస్మపు రిజిస్టరులో పాత పేరు, కొత్త పేరు రెండూ ఉన్నాయేమో చూడండి. పాత పేరే మీకు అసలు తాళం. ఊళ్ళో చర్చి ఇప్పుడు ఏ డయోసీసులో ఉందో కాక, అప్పుడు ఏ మిషనుదో తెలుసుకొని అడగాలి. ముస్లిం కుటుంబాలకు ఖాజీ దఫ్తరు. నిఖా పుస్తకంలో వధువు పేరు, ఆమె తండ్రి పేరు, మెహర్, సాక్షులు, వకీలు (వధువు తరఫున మాట్లాడే మనిషి) ఉంటారు. వకీలుగా నిలిచేది తరచూ ఆమె దగ్గరి బంధువే.

కరువు తర్వాత కనబడని మనిషి

1876-78 కరువు దాటాక ఒక ఇల్లు ఇల్లంతా కాగితాల్లోంచి మాయమైతే, చనిపోయారని వెంటనే రాయకండి. మద్రాసు రేవు నుంచి కూలీలుగా మారిషస్‌కు, నేటాలుకు (ఇప్పుడు దక్షిణాఫ్రికాలో ఉంది) పోయినవాళ్ళున్నారు. నేటాలుకు 1860 నుంచి 1911 దాకా పోయిన ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఆడవాళ్ళకు కూడా వేరుగా రాశారు. సొంత ఊళ్ళో ఏ కాగితంలోనూ పేరెక్కని మనిషికి ఓడలో తండ్రి పేరుతో సహా ఒక వరస ఉండటం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఊరి పేర్లు ఇంగ్లీషులో వంకరగా ఉంటాయి. తాలూకా పేరుతో మొదలుపెట్టి ఊరిని గట్టిగా చదివి పోల్చుకోండి. మారిషస్ రికార్డులు అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

తరచుగా జరిగే తప్పులు

మేనరికం వల్ల అత్త పుట్టింటి ఇంటిపేరు, కోడలి పుట్టింటి ఇంటిపేరు ఒకటే అవుతుంది. ఇద్దరి పేర్లూ నరసమ్మే అయితే రెండు తరాలను ఒక్క మనిషిగా కలిపేస్తారు. బిడ్డల వయసులు వరసగా రాయండి; మొదటి బిడ్డకు, చివరి బిడ్డకు 30 ఏళ్ళు తేడా ఉంటే అక్కడ ఇద్దరు ఆడవాళ్ళున్నారేమో చూడండి. అక్క కాన్పులో పోతే చెల్లెలిని ఇచ్చి చేసేవాళ్ళు, కాబట్టి తల్లి పేరు మారినా తాత పేరు మారదు. కుండమార్పిడి పెళ్ళిళ్ళలో రెండు ఇంటిపేర్లు అటూ ఇటూ దాటుతాయి, ఎవరు ఎవరి ఆడపడుచో బొమ్మ గీసి చూడాల్సిందే. మారుమనువు ఉన్న కుటుంబాల్లో ఒకే ఆడమనిషి ఇద్దరి భార్యగా రెండు ఊళ్ళలో కనబడుతుంది. దాన్ని తప్పు రాతగా కొట్టేయకండి.

డీఎన్‌ఏ పరీక్ష గురించి అడిగేవాళ్ళు పెరిగారు. ముత్తవ్వ తల్లి నుంచి మీకు వచ్చే వాటా సగటున 6.25 శాతం. తరతరాల మేనరికాలున్న ఇంట్లో దూరపు బంధువు దగ్గరివాడిగా కనబడతాడు. తల్లి నుంచి బిడ్డలకు వచ్చే మైటోకాండ్రియా పరీక్ష ఇద్దరు ఆడవాళ్ళు ఒకే తల్లి వరసవారు కాదని తేల్చగలదు, అవునని చెప్పినా ఎన్ని తరాల కిందటి సంగతో చెప్పలేదు. ముందు కాగితాలు, ఆ తర్వాతే ఇది.

ఒక మాటను నిజమని రాయడానికి ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఆధారాలు కావాలి. జేజి చెప్పినదీ, ఆమె చెల్లెలు చెప్పినదీ రెండు కాదు, ఒక్కటే. జేజి చెప్పినదీ, దస్తావేజులో సాక్షి ఇంటిపేరూ అయితే రెండు. ఇంత చేసినా కొందరి పేరు దొరకదు. అప్పుడు చెట్టులో ఆ గడిలో "ఫలానా ఊరి ఫలానా వారి ఆడపడుచు" అని రాసి, పేరు చోటు ఖాళీగా ఉంచండి. ఊహించిన పేరు అక్కడ రాస్తే తర్వాతి తరం దాన్నే నిజమనుకుని వెతకడం మానేస్తుంది. ఖాళీ గడి పక్కన మీరు చూసిన ఆఫీసు, పుస్తకం, ఏళ్ళు రాసి పెట్టండి, తర్వాత వచ్చేవాళ్ళు మిగిలిన చోటు నుంచి మొదలుపెట్టుకుంటారు.